కడుపు ఆలస్యంగా చెబుతుంది

మా ఇల్లు సికింద్రాబాద్ బౌద్ధనగర్‌లో, ఎత్తు గల్లీ చివర. ప్రభుత్వ ఆసుపత్రి క్యాజువాలిటీలో, సర్జికల్ వార్డుల్లో 33 ఏళ్లు నర్సుగా పనిచేసి హెడ్ నర్సుగా రిటైరయ్యాను. గల్లీలో ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరికి సూది వేయాల్సి వచ్చినా ఇప్పటికీ ముందు మా తలుపే కొడతారు.

పోయిన వానాకాలం ఒక రాత్రి తొమ్మిదిన్నరకు పక్కింటి అబ్బాయి వచ్చాడు. 26 ఏళ్లవాడు, క్యాబ్ నడుపుతాడు. ఉస్మానియా యూనివర్సిటీ వైపు నుంచి వస్తూ, అడిక్‌మెట్ ఫ్లైఓవర్ దగ్గర ముందు పోయే ఆటో ఉన్నట్టుండి ఆగితే, తప్పించబోయి డివైడర్‌కు గుద్దాడు. కారు ముందు భాగం నుజ్జయింది. వాడికి మాత్రం మోచెయ్యి గీసుకుపోయింది, అంతే. "దూదితోని జర తుడువు పెద్దమ్మా. ఇంట్ల చెప్పకు, అమ్మ భయపడ్తది" అన్నాడు.

నేను దూది తీయలేదు. "ముందు చొక్కా లేపు బిడ్డా" అన్నాను.

ఆ రాత్రి ఏమైందో తర్వాత చెబుతాను. వాడు కోలుకున్నాక వాళ్లమ్మ నన్ను అడిగింది, "చొక్కా లేపమనాలని నీకెట్ల తోచిందక్కా?" అని. దానికి ఒక్క ముక్కలో జవాబు రాలేదు. ఇన్నేళ్లు వార్డుల్లో చూసినవి, పెద్ద సర్జన్ల నోట విన్నవి, నా చేతుల మీదుగా జరిగిన ఒక తప్పు, అన్నీ కలిస్తే గాని ఆ జవాబు రాదు. అందుకే ఇది రాయడానికి కూర్చున్నాను.

1. నడిచి వచ్చాడు కదా అని నమ్మకండి

1994 ఎండాకాలం. మా తమ్ముడు నల్గొండ వైపు ఒక పెళ్లికి పోయి, మారుతి 800లో ఒక్కడే తిరిగొస్తున్నాడు. ఉప్పల్ దాటి హబ్సిగూడ దగ్గరికి వచ్చేసరికి, లైట్లు లేకుండా ఆగి ఉన్న లారీని వెనక నుంచి గుద్దాడు. ఆ రోజుల్లో సీటు బెల్టు పెట్టుకునేవాళ్లు ఎవరూ లేరు. స్టీరింగ్ వచ్చి ఎడమ పక్కటెముకల కింద తగిలింది. వాడు దిగాడు, లారీవాళ్లతో గొడవపడ్డాడు, నలుగురిని పిలిచి కారు పక్కకు తోయించాడు. దారిలో ఒక నర్సింగ్‌హోమ్‌లో చూపించుకున్నాడు కూడా. ఛాతీకి ఎక్స్‌రే తీసి, ఎముకలు విరగలేదు, ఇంటికి పొమ్మన్నారట. ఆటో మాట్లాడుకుని మా ఇంటికొచ్చాడు.

అన్నం పెట్టాను. రెండు ముద్దలు తిని చాలన్నాడు. పడుకుంటే ఎడమ భుజం పీకుతోందన్నాడు. స్టీరింగ్ బిగించి పట్టుకున్నాడు కదా, భుజం బెణికి ఉంటుందనుకున్నాను. అమృతాంజనం రాసి, నొప్పి మాత్ర వేశాను. డ్యూటీలో రోజూ ఎంతోమంది కడుపులు తడిమి చూసే చేతులివి. ఆ రాత్రి మా తమ్ముడి కడుపు మీద ఒక్కసారి కూడా పెట్టలేదు. మర్నాడు బాగానే ఉన్నాడు. టీ తాగాడు, పేపరు చదివాడు, కారు ఇన్సూరెన్సు గురించి ఫోన్లు చేశాడు.

మూడోరోజు పొద్దున బాత్రూంలో బకెట్ పడ్డ చప్పుడైంది. తలుపు నెట్టి చూస్తే గోడకు చేరగిలబడి ఉన్నాడు. ముఖం సున్నం కొట్టినట్టుంది. ఒళ్లంతా చల్లటి చెమట. మణికట్టు పట్టుకుంటే నాడి సన్నటి దారంలా తగిలి జారిపోతోంది. గాంధీ ఆసుపత్రి అప్పుడు సికింద్రాబాద్ స్టేషన్ దగ్గరే ఉండేది. ఆటోలో వాడి తల నా ఒళ్లో పెట్టుకుని పోయాను. గంటలోపు థియేటర్‌లోకి తీసుకున్నారు. పొట్టలో రెండు లీటర్లకు పైగా రక్తం. ప్లీహం పగిలింది.

ప్లీహం ఎడమవైపు పక్కటెముకల చాటున, గుప్పెడంత ఉంటుంది. నిండా రక్తం పీల్చుకున్న స్పాంజి లాంటిది. కారు, స్కూటరు ప్రమాదాల్లో పైకి గాయం లేకుండా కడుపులో దెబ్బతినే అవయవాల్లో ముందు వరసలో ఉండేవి ఇది, కాలేయం. ప్లీహం మీద పల్చటి పొర ఒకటి ఉంటుంది. ఒక్కోసారి లోపలి కండ చిరుగుతుంది గాని పై పొర చిరగదు. రక్తం ఆ పొర కిందే చేరుతుంటుంది. మనిషి తిరుగుతుంటాడు, తింటుంటాడు. ఆ పొర తెగిన రోజున కూలిపోతాడు. 48 గంటలు దాటాక ఇలా జరిగితే ఆలస్యంగా పగిలిన ప్లీహం అంటారు. చాలావరకు మొదటి రెండు వారాల్లోనే జరుగుతుంది.

మా తమ్ముడు బతికాడు. నేను నర్సునై ఉండీ వాణ్ణి రెండు రోజులు ఇంట్లో కూర్చోబెట్టాను. ముప్పై ఏళ్లు దాటినా ఆ బకెట్ చప్పుడు నా చెవుల్లోంచి పోలేదు.

2. భుజం నొప్పి భుజానిదే కానక్కర్లేదు

ఆపరేషన్ అయిన సాయంత్రం సర్జన్ గారు నన్ను పక్కకు పిలిచి అడిగారు, "భుజం నొప్పి అన్నాడా సిస్టర్?" అని. అన్నాడని చెప్పాను. ఆయన ఇంకేమీ అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ తగిలింది.

కడుపుకూ ఛాతీకీ మధ్య ఉండే పొర, మనం ఊపిరి తీసినప్పుడల్లా కిందికీ పైకీ కదిలేది, దాని అడుగున రక్తం చేరితే ఆ పొర మండుతుంది. దానికి పోయే నరం మెడలోంచి పుడుతుంది. భుజం చర్మం సంగతులు మోసే నరాలూ మెడలో అక్కడే పుడతాయి. అందుకని మెదడు పొరబడుతుంది. మంట కడుపులో ఉంటే నొప్పి భుజంలో తెలుస్తుంది. ప్లీహం పగిలితే ఎడమ భుజం, కాలేయం చిరిగితే తరచుగా కుడి భుజం. జర్మన్ సర్జన్ హాన్స్ కేర్ పేరుతో దీన్ని కేర్ గుర్తు అంటారు.

దీన్ని పోల్చుకునే తీరు ఒకటుంది. భుజం బెణికితే చెయ్యి ఎత్తినప్పుడు, నొక్కినప్పుడు నొప్పి పెరుగుతుంది. కడుపులోంచి వచ్చిన నొప్పి చెయ్యి ఎటు తిప్పినా అలాగే ఉంటుంది. వెల్లకిలా పడుకుంటే ఎక్కువవుతుంది, లేచి కూర్చుంటే తగ్గుతుంది. మా తమ్ముడు ఆ రెండు రాత్రులూ మూడు దిండ్లు ఎత్తుగా పెట్టుకుని, గోడకు ఆనుకుని పడుకున్నాడు. నేను నాలుగో దిండు తెచ్చి ఇచ్చాను.

3. దెబ్బ ఎక్కడ తగిలిందని కాదు, ఎలా తగిలిందని అడగండి

ప్రమాదం అయినవాణ్ణి అందరూ "ఎక్కడ దెబ్బ తగిలింది?" అని అడుగుతారు. వాడు రక్తం కారుతున్న చోటు చూపిస్తాడు. ఎంత వేగంతో పోతున్నావు, దేనికి గుద్దావు, ఏ సీట్లో కూర్చున్నావు, స్టీరింగ్ వంగిందా, హ్యాండిల్ పొట్టలో గుచ్చుకుందా అని అడిగితే అసలు సంగతి బయటికొస్తుంది. ఇప్పుడు అందరి చేతుల్లో ఫోన్లున్నాయి కదా, కారు లోపలి ఫొటో ఒకటి తీసి డాక్టరుకు చూపించండి. వంగిపోయిన స్టీరింగ్ ఫొటో చూశాక ఏ డాక్టరూ తేలిగ్గా తీసుకోడు.

చొక్కా లేపి చూడాల్సింది బెల్టు వాత కోసం. నడుము పట్టీ పడిన చోట, బొడ్డుకు కింద అడ్డంగా, కమిలిన గీత కనిపిస్తే లోపల పేగులకు దెబ్బ తగిలి ఉండవచ్చని అనుమానించాలి. బండి ఒక్కసారిగా ఆగుతుంది, శరీరం ముందుకు పోతుంది, పట్టీకీ వెన్నెముకకూ మధ్య పేగు నలుగుతుంది. పేగు అక్కడికక్కడే చిల్లు పడవచ్చు. లేదా పేగుకు రక్తం తెచ్చే పొర చిరిగి, రక్తం అందక ఆ ముక్క కుళ్లి, రెండు మూడు రోజుల తర్వాత చిల్లు పడవచ్చు. నడుము వెన్నుపూస కూడా విరగవచ్చు. అందుకే నడుము నొప్పి ఉందా అని కూడా అడగాలి.

ఇది చదివి బెల్టు పెట్టుకోవడం మానేస్తే అంతకంటే ఘోరం లేదు. 2018 ఆగస్టు 29న నందమూరి హరికృష్ణ గారు నల్గొండ దగ్గర అన్నెపర్తిలో చనిపోయినప్పుడు ఆయన బెల్టు పెట్టుకోలేదనే వార్త మన ఇళ్లన్నిటికీ చేరింది. 2022 సెప్టెంబరు 4న మహారాష్ట్ర పాల్ఘర్‌లో చనిపోయిన సైరస్ మిస్త్రీ వెనక సీట్లో బెల్టు లేకుండా కూర్చున్నారు. బెల్టు ప్రాణం నిలబెడుతుంది. ఆ నిలబెట్టడంలో పేగుకు దెబ్బ తగిలితే, దాన్ని సమయానికి కనిపెట్టడం మన పని. పట్టీని పొట్ట మీదికి రానివ్వకుండా, కిందికి, తుంటి ఎముకల మీదుగా బిగించుకుంటే ఆ దెబ్బ కూడా తగ్గుతుంది.

పిల్లల సంగతి వేరే చెప్పాలి. సెలవుల్లో యూనివర్సిటీ క్యాంపస్ రోడ్ల మీద సైకిళ్లు తొక్కే పిల్లలు చాలామంది. పడితే మోకాలు చూస్తాం, అయోడిన్ పూస్తాం. హ్యాండిల్ కొస పొట్టలో గుచ్చుకుందేమో అడగం. బొడ్డుకు పైన రూపాయి బిళ్లంత గుండ్రటి కమిలిన మచ్చ ఉంటే చిన్న దెబ్బ అనుకోవద్దు. ఆ మచ్చకు సరిగ్గా వెనకే క్లోమం, చిన్నపేగు మొదటి భాగం వెన్నెముక మీద ఆని ఉంటాయి. అవి బాగా లోపలికి ఉంటాయి కాబట్టి మొదటి రోజు పెద్దగా నొప్పి ఉండకపోవచ్చు. మర్నాడు వాంతులు మొదలవుతాయి. అన్నం వద్దంటారు. అజీర్తి అనుకుంటాం.

4. నాడి ముందు చెబుతుంది, బి.పి. తర్వాత చెబుతుంది

పెద్దవాళ్ల ఒంట్లో దాదాపు 5 లీటర్ల రక్తం ఉంటుంది. అందులో 15 శాతం పోయినా పైకి పెద్దగా తేడా తెలియదు. అక్కడి నుంచి నాడి వేగం పెరుగుతుంది, 100 దాటుతుంది. బి.పి. మాత్రం దాదాపు 30 శాతం, అంటే లీటరున్నర దాకా పోయే వరకు నిలబడే ఉంటుంది. వయసులో ఉన్నవాళ్లకైతే ఒళ్లు గట్టిగా పట్టి ఉంచి, ఉన్నట్టుండి వదిలేస్తుంది. "బి.పి. 120/80 ఉంది, ఏం కాలేదు" అనే మాట నేను ఎన్నిసార్లు విన్నానో. ఆ మాటతో ఇంటికి పోయినవాళ్లు అర్ధరాత్రి స్ట్రెచర్ మీద తిరిగొచ్చారు.

నాడి చూడటం అందరూ నేర్చుకోవచ్చు. మణికట్టు దగ్గర, బొటనవేలి వైపు ఉన్న గాడిలో మూడు వేళ్లు ఆనించండి. మీ బొటనవేలితో చూడకండి, అందులో మీ నాడే మీకు తెలుస్తుంది. గడియారం ఎదురుగా పెట్టుకుని నిమిషం పూర్తిగా లెక్కపెట్టండి. తీరిగ్గా ఉన్న మనిషికి 60 నుంచి 100 లోపు ఉంటుంది. ఒక అంకె చూసి నిర్ణయానికి రాకండి. అరగంటకొకసారి చూసి కాగితం మీద సమయం వేసి రాయండి. 84 ఉన్నది 96 అయి, 108 అయితే ఆ మెట్లు ఎటు పోతున్నాయో ఎవరికైనా అర్థమవుతుంది. దెబ్బ తగిలిన కంగారులో కూడా నాడి వేగంగా ఉంటుంది, కాని కూర్చోబెట్టి ధైర్యం చెబితే దిగుతుంది. లోపల రక్తం పోతుంటే దిగదు.

బి.పి.కి, గుండెకు అటెనొలాల్, మెటొప్రొలాల్ లాంటి మాత్రలు వాడే పెద్దవాళ్లకు ఈ లెక్క పనికిరాదు. ఆ మాత్రలు నాడిని పైకి పోనివ్వవు. రక్తం పల్చబడే మాత్రలు వాడేవాళ్లకు చిన్న చిరుగు కూడా ఆగకుండా కారుతుంది. అలాంటివాళ్లను ఇంట్లో చూద్దాంలే అనుకోవద్దు, నేరుగా ఆసుపత్రికి తీసుకుపోండి.

5. స్కానింగ్ నార్మల్ అంటే ఆ నిమిషానికి నార్మల్ అని

ఇప్పుడు క్యాజువాలిటీల్లోనే మంచం పక్కన అల్ట్రాసౌండ్ పెట్టి నాలుగు చోట్ల చూస్తారు. గుండె చుట్టూ, కాలేయం దగ్గర, ప్లీహం దగ్గర, పొత్తికడుపులో నీరు, రక్తం చేరిందేమోనని. చాలా మంచి పద్ధతి. మా రోజుల్లో బొడ్డు కింద చిన్న గాటు పెట్టి, సెలైన్ ఎక్కించి, బయటికి తీసి, ఎర్రగా వస్తుందా అని చూసేవాళ్లం. అయితే దాదాపు 200 మిల్లీలీటర్లకు తక్కువ రక్తం ఉంటే ఆ స్కానింగ్‌లో కనపడకపోవచ్చు. పేగు చిల్లు, క్లోమం దెబ్బ, వెన్ను వైపు దాగి ఉండే మూత్రపిండాల దగ్గరి రక్తస్రావం దానికి సరిగా అందవు. మందు ఎక్కించి తీసే సి.టి. స్కాన్ ఇంకా చాలా చెబుతుంది. అదీ తొలి గంటల్లో పేగు చిల్లును దాటేసిన సందర్భాలున్నాయి.

వీటన్నిటికీ మించింది ఒకే చెయ్యి మళ్లీ మళ్లీ పొట్ట మీద పడటం. మా యూనిట్ చీఫ్ ఒకాయన రాత్రి డ్యూటీలో ఉండే కుర్ర డాక్టర్లకు ఈ మాటే చెప్పేవారు: పది గంటలకు పొట్ట చూసినవాడే పన్నెండుకూ చూడాలి, రెండింటికీ చూడాలి. మెత్తగా ఉన్న పొట్ట గట్టిపడటం ఆ చేతికే తెలుస్తుంది. నేను కొత్తగా చేరినప్పుడు పొట్ట చుట్టూ టేపు పెట్టి కొలిచి, చర్మం మీద పెన్నుతో గీత పెట్టి, కేస్‌షీట్‌లో సెంటీమీటర్లు రాసేవాళ్లం. ఆ కొలత పెరగలేదని ధైర్యపడేవాళ్లం. లీటరు రక్తం చేరినా చుట్టుకొలత పెద్దగా మారదని తర్వాత తెలిసింది. నొక్కితే నొప్పి, గట్టిదనం, నాడి, ఇవే నమ్మదగ్గవి.

"రాత్రికి అబ్జర్వేషన్‌లో ఉంచుతాం" అంటే చాలామంది బిల్లు పెంచడానికే అనుకుంటారు. ఆ అనుమానం ఎందుకొచ్చిందో నాకు తెలుసు, తప్పు పట్టను. కాని కడుపు దెబ్బల్లో ఆ రాత్రే వైద్యం. మా తమ్ముడి కాలంలో ప్లీహం చిరిగిందంటే తీసేయడమే. ఇప్పుడు మనిషి నిలకడగా ఉంటే ప్లీహాన్ని గాని, కాలేయాన్ని గాని కోత లేకుండా పడక మీదే మాన్పుతున్నారు. అవసరమైతే రక్తనాళంలోంచి తీగ పంపి కారే చోటు మూసేస్తున్నారు. త్వరగా కనిపెడితేనే ఆ అవకాశం.

6. బల్ల సంగతి

మా నాయనమ్మ తరంలో చలిజ్వరాలు ఎక్కువ. జ్వరం పడిన పిల్లలకు కడుపులో ఎడమవైపు గట్టిగా చేతికి తగిలేదాన్ని బల్ల అనేవారు. అది ఉబ్బిన ప్లీహం. అలా ఉబ్బింది చిన్న దెబ్బకే పగులుతుందని ఊళ్లో అందరికీ తెలుసు, బల్ల ఉన్న పిల్లలను ఎవరూ కొట్టేవాళ్లు కాదు. దొరల కాలంలో ఈ సంగతి కోర్టుల దాకా పోయింది. ఆగ్రాలో ఫుల్లర్ అనే ఇంగ్లీషు ప్లీడరు తన గుర్రపువాణ్ణి కొడితే, ప్లీహం పగిలి ఆ పేదవాడు చనిపోయాడు. కోర్టు 30 రూపాయల జరిమానా వేసి సరిపెట్టింది. 1876లో వైస్రాయి లిట్టన్ ఆ తీర్పును తప్పుపట్టాల్సి వచ్చింది.

ఆ జ్వరం దోమతో వస్తుందని రొనాల్డ్ రాస్ కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే, 1897 ఆగస్టు 20న. బేగంపేటలో ఆయన పేరుతో ఉన్న సంస్థ మన ఉస్మానియా విశ్వవిద్యాలయానిదే. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మలేరియా తగ్గింది గాని వానాకాలం జ్వరాలు తగ్గలేదు. మలేరియా, టైఫాయిడ్, డెంగీ వచ్చినప్పుడు ప్లీహం ఉబ్బవచ్చు. ఈ మధ్య అలాంటి జ్వరం పడి లేచినవాడికి బండి మీద చిన్న దెబ్బ తగిలినా డాక్టరుకు ఆ జ్వరం సంగతి చెప్పండి.

7. ఇంట్లో చేయకూడనివి

పొట్ట రుద్దకండి. బొడ్డు జారిందని, నరం పట్టిందని నూనె పోసి మర్దన చేసే అలవాటు మన ఇళ్లల్లో ఇంకా ఉంది. చిరిగిన కాలేయాన్ని రుద్దితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

డైక్లోఫెనాక్ సూది వేయించుకుని పడుకోకండి. ఆసుపత్రిలో నొప్పికి మందు ఇస్తారు, ఇచ్చాక కూడా పరీక్ష చేస్తారు, అది వేరు. ఇంట్లో వేస్తే చూసేవాళ్లుండరు, పైగా ఆ రకం మందులు రక్తం గడ్డకట్టడాన్ని తగ్గిస్తాయి. అనుమానం ఉంటే అన్నం, టీ, నిమ్మకాయ నీళ్లు, ఏదీ ఇవ్వకండి. ఆపరేషన్ కావాల్సి వస్తే ఖాళీ కడుపు మేలు. లోపల రక్తం పోయేవాడికి దాహం విపరీతంగా వేస్తుంది, "నీళ్లు, నీళ్లు" అంటాడు. ఇవ్వకుండా ఉండటం కష్టమే. పెదవులు తడి గుడ్డతో అద్దండి.

కడుపు నొప్పి తగ్గాల్సింది పెరుగుతుంటే, పొట్ట చెక్కలా గట్టిపడితే, వాంతులైతే, మూత్రం ఎర్రగా వస్తే, లేచి నిలబడగానే కళ్లు తిరిగితే, మనిషి కారణం లేకుండా అటూ ఇటూ మసులుతుంటే ఒక్క నిమిషం ఆగకండి. ఆ మసలడాన్ని భయమనుకుని కసురుతారు కొందరు. మెదడుకు రక్తం చాలనప్పుడు మనిషి అలాగే చేస్తాడు.

8. గర్భిణి అయితే

ఎంత చిన్న కుదుపైనా, ఆమె ఎంత బాగున్నానన్నా, ప్రసూతి డాక్టరు చూడాల్సిందే. తల్లికి గాయం లేకుండానే మాయ విడిపోవచ్చు. రక్తస్రావం బయటికి కనపడకుండా లోపలే ఉండిపోవచ్చు. పొట్ట బిగుసుకుంటోందా, బిడ్డ కదులుతోందా అని అడగండి. నెగటివ్ బ్లడ్ గ్రూపు అయితే ఆ మాట ముందే చెప్పండి. బెల్టు మానేయమని ఎవరైనా సలహా ఇస్తే వినవద్దు. కింది పట్టీ పొట్టకు దిగువన, పై పట్టీ రొమ్ముల మధ్య నుంచి పోవాలి.

9. తాగి ఉన్నవాడు, స్పృహ లేనివాడు

ఇద్దరూ తమ కడుపు సంగతి చెప్పలేరు. తాగినవాణ్ణి "మత్తు దిగనీ" అని మూలన పడుకోబెడతారు. అలా మూలన పడుకున్న ఒక పిల్లవాడు తెల్లవారి లేవలేదు. ఇరవై ఏళ్లుంటాయి. హాస్టల్ నుంచి స్నేహితులు తెచ్చారు. వాడి చెప్పులు మాత్రం ఎవరో శుభ్రంగా జతచేసి మంచం కింద పెట్టారు. దీని గురించి ఇంతకంటే రాయలేను.

10. కేసవుతుందని భయపడకండి

మా మొదటి రోజుల్లో దెబ్బలు తగిలినవాళ్లను తెచ్చినవాళ్లు గేటు దగ్గరే దింపి పారిపోయేవారు. మా తార్నాక చౌరస్తాలో మనిషి పడి ఉంటే చుట్టూ యాభైమంది నిలబడేవారు, ఎవరూ ఎత్తేవారు కాదు. అది రాతిగుండె కాదు, పోలీసు స్టేషన్ చుట్టూ తిరగాలనే భయం. ప్రాణం మీదికి వచ్చినవాడికి వైద్యం చేయడానికి పోలీసు కాగితాల కోసం ఆగకూడదని సుప్రీంకోర్టు 1989లోనే, పరమానంద్ కటారా కేసులో చెప్పింది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 మొదలయ్యాక మా క్యాజువాలిటీ రూపమే మారిపోయింది. ఆటోలో మడిచి కుక్కి తెచ్చే రోజులు పోయి, మెడకు పట్టీ, చేతికి సెలైన్‌తో రావడం మొదలైంది. 2016లో సుప్రీంకోర్టు సాయం చేసేవాళ్లకు రక్షణ కల్పించింది, 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్‌గా అది చేరింది. ఇష్టం లేకపోతే పేరు చెప్పనక్కర్లేదు, మిమ్మల్ని ఆపి ఉంచడానికి వీల్లేదు. 2025 మే నుంచి రోడ్డు ప్రమాద బాధితులకు 7 రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు లేని చికిత్స పథకం కూడా వచ్చింది. ఆసుపత్రిలో అడగండి. అడగకపోతే ఎవరూ వచ్చి చెప్పరు.

తీసుకుపోయేవాళ్లు ఒక్క పని చేస్తే చాలు. దింపేసి పోయే ముందు, ఎలా గుద్దుకుంది, ఎన్ని గంటలకు గుద్దుకుంది, ఈ రెండు ముక్కలు డాక్టరుకు చెప్పండి.

11. ప్లీహం పోయినవాళ్లు

మా తమ్ముడికి ఇప్పుడు 61 ఏళ్లు. ప్లీహం లేకుండా మనిషి బతకవచ్చు, కాని కొన్ని రకాల సూక్ష్మక్రిములను పట్టుకునే కాపలాదారు ఉండడు. న్యుమోనియా, మెదడు పొరల వాపు తెచ్చే క్రిములకు టీకాలు వేయించుకోవాలి. చలితో జ్వరం వస్తే మామూలు జ్వరమే కదా అని రెండు రోజులు ఆగకూడదు, అదే రోజు ఆసుపత్రికి పోవాలి. ప్లీహం తీసేశారన్న కాగితం మా తమ్ముడు జేబులో పెట్టుకుని తిరుగుతాడు. మడతల దగ్గర చిరిగితే నేనే కొత్తది రాసి ఇస్తాను.

12. ఆ రాత్రి

పక్కింటి అబ్బాయి చొక్కా లేపాడు. బొడ్డుకు నాలుగు వేళ్ల కింద, ఒక తుంటి ఎముక నుంచి ఇంకో తుంటి ఎముక దాకా, పట్టీ వెడల్పున ఎర్రటి వాత. అంచుల దగ్గర అప్పుడప్పుడే నీలం తిరుగుతోంది. పొట్ట మెత్తగానే ఉంది. నాడి 88. వాళ్లమ్మను పిలిచాను. వాడు కోప్పడ్డాడు. 10 గంటలకు 94. "ఏం లేదు పెద్దమ్మా, నిద్రొస్తుంది" అన్నాడు. పదిన్నరకు 104, పెదవులు తడుపుకుంటున్నాడు. 108కి ఫోన్ చేశాను.

పద్మారావునగర్ మీదుగా గాంధీకి చేరేసరికి పదకొండు దాటింది. స్కానింగ్ చేశారు, ఏమీ కనపడలేదు. వాడి ముఖం వెలిగింది, వాళ్లమ్మ దండం పెట్టింది. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ నా మనవరాలి వయసు ఉంటుంది. నేను కాగితం చూపించాను. 88, 94, 104, పక్కన సమయాలు. ఆ అమ్మాయి కాగితం చదివి, వాత మీద వేలు పెట్టి అటు నుంచి ఇటు గీసి చూసి, "ఇంటికి పంపను అమ్మా, నేనే మళ్లీ చూస్తా" అంది. ఒంటిగంటకు వచ్చింది. మూడింటికి వచ్చింది. మూడింటికి పొట్ట మీద చెయ్యి వేసిన వెంటనే ముఖం మారింది. పొట్ట చెక్కలా ఉంది. సి.టి. తీసి, ఐదున్నరకు థియేటర్‌లోకి తీసుకుపోయారు. చిన్నపేగు ఒకచోట చిల్లు పడి ఉంది, దాని పక్కన జానెడు మేర రక్తం అందక నల్లబడింది. అంతవరకు తీసేసి కుట్టారు.

పదకొండో రోజు ఇంటికొచ్చాడు. మూడు నెలలు బరువులెత్తొద్దన్నారు. మొన్న మా గల్లీలో నీళ్ల డబ్బా మోసుకొస్తుంటే వాళ్లమ్మ కేకలేసింది. ఆ నాడి లెక్క రాసిన కాగితం నా దగ్గర లేదు, డాక్టరమ్మ కేస్‌షీట్‌లో పెట్టుకుంది. సాయంత్రాలు వాడు మా అరుగు మీద కూర్చుని తోటి క్యాబ్ డ్రైవర్లకు నాడి చూడటం నేర్పుతుంటాడు. బొటనవేలు పెట్టినవాడి చెయ్యి తీసేసి, మూడు వేళ్లు మళ్లీ ఆనిస్తాడు.